ఎవరిదీ కాని మొక్క

ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర
ఆదివారం మధ్యాహ్నం

పిచ్చుకకు,

బావ రాసేది. ఆశ్చర్యపోతావని తెలుసు. పెళ్ళయిన కొత్తలో మీ అక్కకే నేను ఉత్తరం రాయలేదు. కానీ ఫోనులో మన సంగతి చూస్తున్నావుగా. "ఎలా ఉన్నావు బావా" అంటావు, "బాగానే ఉన్నాను" అంటాను, ఆ తరవాత ఒకరి ఊపిరి ఒకరం వింటూ కూర్చుంటాం. పైగా ఫోను హాల్లో ఉంది, దాని పక్కనే మామగారి కుర్చీ. మనల్ని మాట్లాడుకోనివ్వాలని ఆయన లేచి లోపలికి వెళ్ళిపోతారు. ఆయన్ని లేపడం ఎందుకని నేను ఫోను ఎత్తడమే తగ్గించాను.

ముందు అసలు విషయం. మామగారిని నీ దగ్గరికి పంపే సంగతి ఆయనతో కదిపాను. మీ అక్క పోయాక ఆయనకి ఈ ఇంట్లో ఎవరున్నారు? ఎంత చెప్పినా అల్లుడు పరాయివాడే. కన్నకూతురి దగ్గర ఉండాలని ఆయనకీ ఉంటుంది, నోరు తెరిచి అడగరు. నేను వాక్యం పూర్తిచేయకముందే "మీ ఇష్టం అల్లుడుగారూ" అన్నారు. ఆ సాయంత్రమే అటక మీది పెట్టె దింపుకుని దుమ్ము దులుపుకున్నారు. కాబట్టి నువ్వు అనుకున్నట్టే వచ్చే నెలాఖరుకి ఆయన ప్రయాణం పెట్టుకుందాం.

రెండో విషయం చిన్నది. పరామర్శకి వచ్చినప్పుడు మీ అక్క ఆఫీసు వాళ్ళు ఒక కుండీ మొక్క తెచ్చారు. పీస్ లిల్లీ అట. వెడల్పాటి ఆకులు, మధ్యలో చెంచాలాంటి తెల్లపువ్వు. మీ అక్కకి ఇంట్లో మొక్కలంటే గిట్టదని, "మట్టి గుమ్మం బయటే ఉండాలి" అని పేచీ పెట్టేదని వాళ్ళకి తెలీదు పాపం. మామగారు దాన్ని కిటికీ పక్కన పెట్టారు. ఈమధ్య పూర్తిగా వాలిపోయింది. ఆకులు కుండీ అంచు మీదుగా కిందికి వేలాడుతున్నాయి. రోజూ పొద్దున పనికి వెళ్ళేముందు గ్లాసుడు నీళ్ళు పోస్తున్నాను. లేవడం లేదు. నీ కొట్టు కిటికీ నిండా మొక్కలే కదా, ఏం చెయ్యాలో రాయి.

నేను బాగానే ఉన్నాను. నిన్న ఒక పాత భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒకావిడ చిక్కుకుంది. "ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, భయమేస్తోంది" అంది. తాళ్ళ గురించి, బ్రేకు గురించి చెబుతూ లిఫ్టు బాగుచేశాను. బయటికొచ్చాక నీళ్ళు తాగి, "మీ ఇంట్లో అందరూ కులాసానా" అని అడిగింది. కులాసానే అన్నాను. తడుముకోకుండా వచ్చింది ఆ మాట. వేళకి ఆకలేస్తోంది. నిద్ర పడుతోంది. ఏడుపు మాత్రం రావడం లేదు, రావాలి కదా అని చూస్తున్నాను.

బావ


పరదాల కొట్టు నుంచి, కత్తెర బల్ల మీద
గురువారం

శ్రీ బావగారికి (ఇలా పిలిస్తే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు),

నీ చేతిరాత చూసి ఎవరో మందుల చీటీ పంపారనుకున్నాను. మా యజమానురాలు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, "రాసినాయన లిఫ్టులో కూర్చుని రాశాడా?" అంది.

మొక్క సంగతి చెప్తా విను. పీస్ లిల్లీ అంత నాటకాలరాయుడు మొక్కల్లో ఇంకోడు లేడు. కాస్త దాహమేస్తే చాలు, ప్రాణం పోయినట్టు పడిపోతుంది. నీళ్ళు పోశామా, పూటలోపల ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది. నీది లేవడం లేదంటే దాని బాధ దాహం కాదు. మట్టిలో వేలు పెట్టి చూడు. గోరు మునిగితే చాలదు, రెండో కణుపు దాకా పెట్టు. లోపల తడిగా ఉంటే నీళ్ళు ఆపు, పొడిగా ఉంటేనే పొయ్యి. వెయ్యి మందిని చంపితేగానీ వైద్యుడు కాడంటారు. నా లెక్క ఇంకా వెయ్యికి రాలేదు గానీ, దారిలో ఉన్నాను. అందుకని నా మాట మరీ వేదవాక్కు అనుకోకు.

నాన్న గది సిద్ధమైపోయింది. ఎవరో కొలతలు తప్పు ఇచ్చి వదిలేసిన ముదురు నీలం గుడ్డ ఉంటే దానితో పరదాలు కుట్టాను. పొద్దున్నే ఎండ ఆయన కళ్ళలో పడదు. మంచం గోడవైపు జరిపాను. మేడమెట్లు ఎక్కువ కాబట్టి సగంలో కూర్చోవడానికి ఒక స్టూలు కూడా అడిగి పెట్టించాను. ఈ ఊళ్ళో నన్ను అమ్మాయిగారూ అనేవాళ్ళూ ఉన్నారు, మేడమ్ అనేవాళ్ళూ ఉన్నారు. "ఏమే" అని పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు బావా. నాన్న వస్తే ఆ లోటు తీరుతుంది.

ఆదివారాలు నువ్వు సరుకులకి వెళ్ళినప్పుడు నాన్న నాతో ఫోనులో మాట్లాడతాడు కదా. ప్రయాణం గురించి ఏమన్నాడంటావేమో, ఏమంటాడు, సరేనన్నాడు.

వేలు పెట్టడం మరిచిపోకు. ఏడుపు సంగతి, అదే వస్తుందిలే. మా కొట్టు ముందు వంతెన మీద వెళ్ళే రైలుబండిలా దానికీ వేళంటూ ఉండదు.

మరదలు


పనిచోటు నుంచి, విరామంలో
బుధవారం

పిచ్చుకకు,

వేలు పెట్టాను. లోపలంతా తడి. వేలికి మట్టి ముద్దగా అంటింది. సరేనని నీళ్ళు రెండురోజులకోసారి చేశాను. అయినా తడే. వారానికోసారి చేశాను. ఈ పొద్దున చూస్తే పోసి గంటకూడా కానట్టుంది. ఆకులు అంచుల నుంచి పసుపుపచ్చగా మారుతున్నాయి. తెల్లపువ్వు గోధుమరంగుకి తిరిగి ముడుచుకుంది. మట్టిలోంచి నీళ్ళు ఊరుతున్నాయా అనిపిస్తోంది.

దీని మీద ఇంత పట్టుదల నాకెందుకని అడుగుతావేమో. నాకోసం కాదు. మామగారికి అది ప్రాణమని నా అనుమానం. ఒకరోజు నేను తలుపు తీసేసరికి ఆయన వంగి కుండీని వెలుతురు వైపు తిప్పుతున్నారు. నన్ను చూసి చప్పున చేతులు వెనక్కి తీసుకున్నారు. కూతురి పేర వచ్చింది కదా, ఉంటుంది. అందుకని అది చచ్చిపోకూడదు. నీ దగ్గరికి వచ్చేటప్పుడు ఆయనతో పంపాలనుకుంటున్నాను, నిలబడి ఉన్న మొక్కని.

ఇంట్లో గొడవేమీ లేదు. గొడవపడటానికి మాటలుండాలి కదా. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తింటాం. గిన్నెలో చివరి ముద్ద మిగిలిపోతుంది. ఆయన తింటారని నేను వదిలేస్తాను, నేను తింటానని ఆయన వదిలేస్తారు. పొద్దున దాన్ని నేను పారేస్తాను. టీవీ ఆయన కోసం నేను పెడతాను. ఆయన చూడరని ఈమధ్యే గమనించాను, నా కోసం కూర్చుంటున్నారు.

జీవితమంతా డ్రైవింగు నేర్పిన మనిషి కదా, కారులో నా పక్కన కూర్చుంటే ఆయన కాలు ఇప్పటికీ కింద బ్రేకు కోసం వెతుకుతుంది. మీ అక్క వెనక సీట్లోంచి చూసి పడీపడీ నవ్వేది. మొన్న ఆస్పత్రి దారిలో సిగ్నలు దగ్గర నేను ఆలస్యంగా ఆపాను. ఆయన కాలు గట్టిగా నొక్కింది. నేర్చుకునేవాళ్ళని ఆయన ఎడాపెడా తిట్టేవారని నువ్వే చెప్పావు. నన్ను మాత్రం ఇన్నేళ్ళలో పల్లెత్తు మాట అనలేదు.

బావ


పరదాల కొట్టు నుంచి
శనివారం

బావా,

మట్టిలోంచి నీళ్ళు ఊరడానికి అదేమన్నా బావా! (నిన్ను కాదు, నూతిని అంటున్నా. నువ్వు ఊరే రకం కాదు.)

సరిగ్గా చూడు. కొనుక్కొచ్చిన మొక్కలకి అందం కోసం పైన ఇంకో కుండీ తొడుగుతారు, దానికి అడుగున చిల్లుండదు. నీళ్ళన్నీ అందులో నిలిచి వేళ్ళు కుళ్ళిపోతాయి. ఎక్కువ నీళ్ళకీ, తక్కువ నీళ్ళకీ ఈ మొక్క ఒక్కలాగే వాలుతుంది, అదే దానితో చిక్కు. చూసేవాడు పాపం ఎండిపోతోందనుకుని ఇంకా పోస్తాడు. పై కుండీ తీసేసి, మొక్కని మట్టితో సహా బయటికి లాగి వాసన చూడు. వేళ్ళు తెల్లగా గట్టిగా ఉంటే బతికినట్టే. నల్లగా మెత్తగా ఉంటే కత్తెరకి పని చెప్పాలి.

ఇంట్లో ఇంకెవరూ పోయడం లేదు కదా? నాన్న పోస్తాడని అనను. అమ్మ బతికుండగా, ఆవిడ ఊరెళ్తే మొక్కలు ఎండిపోయి మాడిపోతున్నా మనిషి పక్కనుంచి నడుచుకుంటూ పోయేవాడు.

నాన్నకి టిక్కెట్టు తీసేశాను. అనుకున్నదానికంటే ముందే తీశాను, మళ్ళీ మీరెవరైనా మనసు మార్చుకుంటే నేను వినదల్చుకోలేదు. కింది వాటావాళ్ళకి కూడా చెప్పేశాను, మా నాన్న వస్తున్నాడు, చదరంగం ఆడతాడు అని. వాళ్ళ తాతగారు అప్పుడే బల్ల తుడుచుకుని కూర్చున్నాడు. ఇక రాకపోతే నా పరువు పోతుంది.

ఆ చివరి ముద్ద నువ్వే తినెయ్యరాదూ. చదువుతుంటే నాకు చిరాకేసింది.

మరదలు


వ్యానులోంచి
మంగళవారం

పిచ్చుకకు,

ఊట ఎక్కడుందో తెలిసింది.

పోయిన వారం ఒక మధ్యాహ్నం ఏదో పనిముట్టు మరిచిపోయి ఇంటికొచ్చాను. తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుంది. మామగారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. పళ్ళు తోముకునే మగ్గుతో మొక్కకి నీళ్ళు పోస్తున్నారు. ఒక్కసారిగా కాదు, నెమ్మదిగా, కుండీ చుట్టూ తిప్పుతూ. మగ్గు ఖాళీ అయ్యాక వెళ్ళి మళ్ళీ నింపుకొచ్చారు. తరవాత నేల మీద పడ్డ చుక్కలు జేబురుమాలుతో తుడిచారు, జాడ లేకుండా.

పలకరించలేకపోయాను. చూశానని తెలిస్తే సిగ్గుపడతారు. వచ్చినట్టే మెట్లు దిగి వ్యానులో కూర్చున్నాను. పనిముట్టు లేకుండానే పనికి వెళ్ళి, ఇంకొకరిది అడిగి తీసుకున్నాను.

సాయంత్రం ఆయన నడకకి వెళ్ళినప్పుడు నువ్వు చెప్పినట్టు మొక్కని లాగి చూశాను. వేళ్ళు నల్లగా ఉన్నాయి, పట్టుకుంటే తొక్క ఊడి చేతికొచ్చింది. మురుగు వాసన. పై కుండీలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. అవి పారబోసి, ఎలా ఉన్నది అలాగే పెట్టేశాను. అప్పట్నుంచి ఇదే వరస. నేను పోయడం మానేశాను. ఆయన మధ్యాహ్నం పోస్తారు, ఆయన నడకకి వెళ్ళగానే నేను పారబోస్తాను. ఆయన వచ్చేసరికి చేతులు కడుక్కుని కూర్చుంటాను.

కూతురి మీది ప్రేమని ఒక మనిషి ఆ మొక్కకి పోసుకుంటుంటే, వద్దని ఎలా చెప్పను? నువ్వు ఫోనులో మెల్లిగా చెప్పగలవా, నేను చూశానని తెలియకుండా?

బావ


కొట్టు నుంచి
శుక్రవారం

బావా,

నేను చెప్పను. ఎందుకు చెప్పనో రాస్తాను, ఈ ఒక్కసారి వేళాకోళం లేకుండా.

ఆ మొక్క గురించి నాన్న నాతో ఫోనులో ఏమన్నాడో తెలుసా? "అల్లుడికి ఆ మొక్కంటే ప్రాణం. పొద్దున్నే లేచి నీళ్ళు పోస్తాడు. పనితొందరలో ఒకరోజు మరిచిపోతే ఎండిపోతుందేమోనని నేనూ రోజూ కాస్త పోస్తున్నా. నేను వెళ్ళేలోపల దాన్ని నిలబెట్టి ఆయన చేతిలో పెట్టాలి" అన్నాడు. మీరిద్దరూ ఒకరి కోసం ఒకరు దాన్ని ముంచి చంపుతున్నారు. ఆ మొక్క మీలో ఎవరికీ అక్కర్లేదు. అక్కకి అసలే అక్కర్లేదు.

ఇంకోటి ఉంది. ఇది నీ మొదటి ఉత్తరం అందిన వారమే రాయాల్సింది. నా దగ్గరికి వచ్చే సంగతి అడిగితే నాన్న సరేనన్నాడని రాశాను కదా. సరే అనే ముందు ఇంకో మాట అన్నాడు. "అల్లుడు మంచివాడమ్మా, పొమ్మని అనలేక కూతురి దగ్గర ఉండాలనుందా అని అడిగాడు. మనమే అర్థం చేసుకుని తప్పుకోవాలి. నాకా, ఈ ఇల్లు వదిలి వెళ్ళాలని లేదు. మీ అక్క తిరిగిన ఇల్లు" అన్నాడు. నువ్వేమో ఆయన రావాలనుకుంటున్నాడని నాకు రాస్తావు. నీకు ఒక ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. మతిమరుపు కాదు, నాకు నాన్న కావాలి. ఇద్దరూ మొహమాటంతో సరే సరే అంటుంటే నా పని తేలికైపోయింది. పరదాలు కుట్టుకుంటూ కూర్చున్నాను.

మగ్గూ జేబురుమాలూ చదివాక ఇక కూర్చోలేకపోయాను.

నాకు తెలిసింది నీకు చెప్పాను. ఆయన్ని అడగడం నీ పని. అడగలేకపోతే అడగకు. టిక్కెట్టు ఉంది, గది ఉంది, నెలాఖరుకి నాన్న నా దగ్గరికి వస్తాడు. నేనైతే సంతోషంగానే ఉంటాను.

మరదలు


ఇంటి నుంచి
ఆదివారం సాయంత్రం

పిచ్చుకకు,

నీ ఉత్తరం వచ్చాక వెంటనే అడగలేదు. వారమంతా ప్రయత్నించాను. "మామగారూ" అంటాను. "చెప్పండి" అంటారు. "టీ పెట్టమంటారా" అంటాను. ఈ వారంలో ఆయన తాగినంత టీ జన్మలో తాగి ఉండరు, వద్దనడానికి మొహమాటం కదా.

ఈ రోజు పొద్దున లేచేసరికి పెట్టె గుమ్మం పక్కన ఉంది. ప్రయాణానికి ఇంకా రోజులున్నాయి. గోడ మీది ఆయన గొడుగు కూడా తీసి దాని మీద పెట్టారు. నేను కుండీ తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళాను. తలుపు వెయ్యలేదు. మొక్కని బయటికి లాగి నేల మీద పడుకోబెట్టాను. వాసనకి ఆయన వచ్చారు.

"అయ్యో, ఏం చేస్తున్నారు అల్లుడుగారూ! చచ్చిపోతుంది."

"చచ్చిపోతూనే ఉంది మామగారూ. మనిద్దరం కలిసి చంపుతున్నాం. పొద్దున నేను పోశాను, మధ్యాహ్నం మీరు పోశారు."

ఆయన ముఖం పాలిపోయింది. "మీరు మరిచిపోతారేమోనని... మీకంత ఇష్టమైన మొక్క కదా."

"నాకిష్టమని ఎవరన్నారు?"

"కాదా?"

"మీకిష్టమని నేననుకున్నాను."

"నాకెందుకయ్యా? మా అమ్మాయికే గిట్టదు మొక్కలంటే."

ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం. నవ్వొచ్చే సంగతే. మీ అక్క ఉంటే గోడ పట్టుకుని నవ్వేది. మాకు రాలేదు. నేను కత్తెర తీసుకుని కుళ్ళిన వేళ్ళు కోయడం మొదలుపెట్టాను, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి. అప్పుడు తిట్టారు.

"అలాక్కాదు! ముందు చూసుకో, తర్వాత కొయ్యి. మంచి వేరు కూడా తెంపేస్తున్నావు. ఏం తొందరొచ్చిందిప్పుడు? ఎవరు తరుముతున్నారు నిన్ను?"

నువ్వు చెప్పినదానికంటే గట్టిగానే తిడతారు. చూసుకుని కోశాను. ఆయన పక్కన వంగి ఒక్కో వేరూ విడదీసి పట్టుకున్నారు. అలా చేతుల నిండా బురదతో ఉన్నప్పుడు, ఆయన ముఖం చూడనవసరం లేనప్పుడు, "మీరు వెళ్ళకండి" అన్నాను.

"మొహమాటానికి అనకు."

"మొహమాటానికైతే వెళ్ళమంటాను. అన్నాను కూడా."

ఆయన ఇంకో వేరు విడదీశారు. "ఎందుకు వెళ్ళొద్దంటున్నావు?" అని అడిగారు. మర్యాదకి కాదు, నిజంగా అడిగారు. నా దగ్గర జవాబు ఉందని నాకే తెలీదు. "మీరున్నన్నాళ్ళూ ఇది ఆవిడ ఇల్లే. మీరు కూడా వెళ్ళిపోతే ఆవిడ పోయినట్టవుతుంది. నాకు భయంగా ఉంది మామగారూ" అన్నాను.

ఆయన బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నారు. ఏడ్చారు. పెద్దగా, పక్కింటికి వినపడేలాగా. నాకు రాలేదు. ఎలా ఓదార్చాలో కూడా తెలియలేదు. బురదచెయ్యే ఆయన భుజం మీద వేసి కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన లేచి చొక్కా మార్చుకున్నారు. పెట్టెలోంచి తీసి మార్చుకున్నారు, మళ్ళీ అందులో సర్దలేదు.

మొక్కకి నాలుగాకులు మిగిలాయి. కొత్త మట్టిలో పెట్టాం. బతుకుతుందో లేదో తెలీదు, బతక్కపోయినా ఎవరూ ఏమీ అనుకోవద్దని ఒప్పందం చేసుకున్నాం.

నువ్వు ఆ ముక్క రాయకపోతే ఆయన నీ దగ్గర ఉండేవారు. రాశావు. నీ దగ్గర్నుంచి మీ నాన్నని లాక్కుని నీకే ఉత్తరం రాస్తున్నాను. ఏమనాలో తెలియడం లేదు.

బావ


నా ఇంటి నుంచి, నాన్న కోసం సర్దిన గదిలోంచి
గురువారం

బావా,

నాన్న ఫోను చేశాడు. నువ్వు ఇంట్లో ఉండగానే చేశాడు, నీ దగ్గు వినిపించింది. "నీకు కోపమొచ్చిందా తల్లీ" అని అడిగాడు. "లేదు నాన్నా, మంచిదేగా" అన్నాను. అది అబద్ధం. మీ రోగమే నాకూ ఉంది.

నాకు కోపంగా ఉంది. మీ ఇద్దరికీ మీరిద్దరూ ఉన్నారు. బకెట్టు మీద కూర్చుని ఏడవడానికి నాన్నకి నీ పక్క దొరికింది. ఆ మాట చదివినప్పుడు నాకు మీరంటే అసూయ పుట్టింది.

ఎందుకంటే నేనూ ఏడవలేదు బావా. అక్క పోయిందన్న ఫోను వచ్చిన రోజు నుంచి ఇవాళ్టిదాకా ఒక్క చుక్క రాలేదు. ఆ రోజు చేతిలో ఉన్న పరదా అంచు కుట్టడం పూర్తిచేసి మరీ బయల్దేరాను. నీకు రావడం లేదని నువ్వు రాస్తే, అదే వస్తుందిలే అని వేళాకోళమాడాను. నాన్న ఇక్కడికొచ్చి ఎదురుగా కూర్చుంటే, అక్క పోలికలున్న ఆ ముఖం రోజూ చూస్తుంటే, నాకు వస్తుందేమోనని ఆశపడ్డాను. అందుకే నోరు మూసుకుని గది సర్దుకున్నాను. నాకు తోడు కోసం కాదు, చదరంగం కోసం అంతకన్నా కాదు.

మీ ఇద్దరిలో ఒక్కరూ నన్ను రమ్మనలేదు. గుర్తురాలేదో, కొట్టు వదిలి ఎలా వస్తుందిలే అనుకున్నారో. మీరు పిలుస్తారని కాచుకుని, పిలవలేదని ఏడాది పొడుగునా బాధపడే ఓపిక నాకు లేదు. నాన్న టిక్కెట్టు వెనక్కిచ్చి నాకు తీసుకున్నాను. యజమానురాలు ఎన్నాళ్ళని అడిగింది. తెలీదన్నాను.

అక్క బీరువా మీరింకా తెరిచి ఉండరు. ఆయన బాధపడతారని నువ్వు, నువ్వు బాధపడతావని ఆయన. అది నేను తెరుస్తాను. ఆ చీరలు బయటికి తీస్తున్నప్పుడు మీరిద్దరూ లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతే ఊరుకోను, అక్కడే కూర్చోవాలి. నాకు ఏడుపొస్తే చూడాలి. రాకపోయినా చూడాలి.

శనివారం పొద్దున బండికి దిగుతాను. స్టేషనుకి నువ్వు రావాలా ఆయన రావాలా అని ఒకరినొకరు అడుగుతూ కూర్చోకండి. ఇద్దరూ రండి.

మరదలు